సంగటి పెట్టి పట్టించిన కేసు

సినిమాలో నేను

నేను రిటైరైన ఏడే మా జిల్లాలో ఒక సినిమా తీశారు. నిజంగా జరిగిన కథ అని పోస్టరు మీద పెద్దక్షరాలతో వేశారు. అందులో ఇన్‌స్పెక్టరు పరుగెత్తే జీపులోంచి దూకి, రౌడీలను తన్ని, లంచం తిన్న ఆఫీసరును కరెంటు స్తంభానికి కట్టేసి, అతని జేబులోని నోట్లు తీసి గాలిలోకి ఎగరేస్తాడు. ఆ ఇన్‌స్పెక్టరును నేనే. అంటే, ఆ కేసు పట్టింది నేనే. మా జీపు కదలాలంటే ఇద్దరు వెనకనుంచి తొయ్యాలి, కాబట్టి పరుగెత్తే జీపులోంచి దూకే భాగ్యం నాకు సర్వీసు మొత్తంలో కలగలేదు. ఇక సాక్ష్యంగా చూపాల్సిన నోట్లు గాలికి ఎగరేసి ఉంటే మా డీఎస్పీ గారు నన్నే ఆ స్తంభానికి కట్టించేవారు.

ఈ మధ్య మా అవినీతి నిరోధక శాఖలో కొత్తగా చేరిన ఇద్దరు కుర్రవాళ్లు నన్ను చూడటానికి అనంతపురంలో మా ఇంటికి వచ్చారు. ఆ సినిమా చూసే ఈ ఉద్యోగంలో చేరామన్నారు. నాకు సంతోషం కలగలేదు, భయమేసింది. అందుకే ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, ప్రశంసాపత్రాల గురించి రాయను. అవి చదువుతుంటే నాకే నిద్ర వస్తుంది. జరిగింది జరిగినట్టు చెబుతాను, అది విన్న తర్వాత కూడా ఈ పని నచ్చితే ఉండండి.

మా పని ఏమిటంటే

లంచం తీసుకునేవాణ్ణి పట్టుకోవడమంటే ముక్కాలు మువ్వీసం కాచుకొని కూర్చోవడమే. మిగిలిన కాస్తా నోట్లకు పొడి పూయడం. ఆ పొడి పేరు పలకడానికి నోరు తిరగదు. మేము ఉత్త 'పొడి' అనేవాళ్లం. నోటుకు పూస్తే కంటికి కనపడదు. ఆ నోటు ముట్టినవాడి వేళ్లను సోడా కలిపిన నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. నేను ముట్టలేదు అని ఆయన అంటాడు, ముట్టావు అని నీళ్లు అంటాయి. మా శాఖ మొత్తం ఆ గ్లాసెడు నీళ్ల మీద నడిచింది.

కష్టమంతా ఫిర్యాదు ఇచ్చేవాడు దొరకడంలో ఉంది. లంచం గురించి తిట్టని మనిషి మా జిల్లాలో లేడు. టీ అంగట్లో, బస్సులో, పెళ్లిలో అందరూ తిడతారు. ఒక కాగితం మీద రాసి వేలిముద్ర వెయ్యమంటే మాత్రం అందరికీ ఏదో పని గుర్తుకొస్తుంది. వాళ్లను తప్పుపట్టను. ఆ ఆఫీసరుతో రేపు కూడా పని పడుతుంది, మాతో పడదు. కాబట్టి మా గుమ్మం తొక్కి వచ్చినవాడు ఎవరైనా సరే, వాణ్ణి కూర్చోబెట్టి మాట్లాడండి. హీరో మీరు కాదు, వాడు.

ఎండిన కొమ్మ

డెబ్భైల చివర్లో, వరసగా వానలు మొహం చాటేసిన ఒక ఎండాకాలంలో, ఎర్రిస్వామి అనే రైతు మా ఆఫీసుకు వచ్చాడు. వజ్రకరూరు దగ్గర ఒక పల్లె అతనిది. చంకలో తువ్వాలులో చుట్టిన ఏదో పొడుగాటి వస్తువు ఉంది. మా కానిస్టేబులు ఖాదర్ అది కొడవలేమో అనుకొని లాక్కున్నాడు. విప్పితే ఎండిన చెట్టుకొమ్మ.

"ఏమప్పా, ఇదేంది?" అన్నాను.

"చీనీ కొమ్మ సార్. మా తోటలోది. నాలుగేండ్ల చెట్లు, ఈ ఏడు కాపుకొస్తాయని ఆశ పడితిమి."

"నాకెందుకు తెచ్చినావు?"

"నేను ఊరికే చెప్తే నమ్ముతారో ల్యాదో అని తెచ్చినా."

విషయం ఇది. అతనిది చీనీ తోట, అంటే బత్తాయి. అతని బోరులో నీళ్లున్నాయి. పైకి రావాలంటే కరెంటు కావాలి. అతని గట్టు దాకా స్తంభాలు నాటారు కానీ తీగ లాగలేదు. ఆ ఊళ్లకు కరెంటు చూసే ఆఫీసరు, పద్మనాభం అని, మెత్తగా మాట్లాడే మనిషి, చేయి తడిపితే తప్ప తీగ రాదని చెప్పాడు. అది కూడా గద్దించి కాదు, అయ్యో పాపం అన్నట్టు చెప్పాడట.

"మా ఆడమనిషి పొద్దున్నుంచి మాపటిదాకా కడవతో చెట్లకు మోస్తాంది సార్. ఆయమ్మ మోసే నీల్లు ఆ ఎండకు యాడికీ చాలవు. ఇంగో నెలకు ఆ తోట కట్టెలకు పనికొస్తాది, అంతే."

ఫిర్యాదు రాయించుకున్నాం. వేలిముద్ర వేసే ముందు అతను చేయి వెనక్కి తీసుకున్నాడు.

"ఒకటడుగుతా సార్. ఆయప్పను మీరు పట్టుకోని పోతారు. బాగుండాది. రేపు నాకు తీగ ఎవరు లాగుతారు?"

నాకు కరెంటు శాఖతో ఏ సంబంధమూ లేదు. మా ఇంట్లో ఫ్యూజు పోతే నేనే చీకట్లో కూర్చుంటాను. అయినా ఆ కొమ్మను చూస్తూ, "నేను లాగిస్తాను" అన్నాను. అతను నా మొహం కాసేపు చూసి వేలిముద్ర వేశాడు. ఆ మాట ఎందుకు అన్నానా అని ఆ రాత్రంతా నాకు దిగులే. ఆ తోట ఎండితే తప్పు పద్మనాభానిది కాదు, నాది అవుతుంది.

డీఎస్పీ గారి నియమం

మా డీఎస్పీ గారు నియమాల మనిషి. ఫిర్యాదుదారు ఇంట్లో పచ్చి మంచినీళ్లు కూడా తాగకూడదన్నది ఆయన మొదటి నియమం. ఈ రోజు మజ్జిగ తాగితే రేపు కోర్టులో ప్లీడరు మజ్జిగలో వెన్న ఎంత ఉందని అడుగుతాడు అనేవారు. ఎండాకాలంలో ఈ జిల్లాలో ఈ నియమం పాటించడం ఎంత కష్టమో ఆయనకు తెలియదు. ఆయన వెంట ఎప్పుడూ ఫ్లాస్కు ఉండేది, మాకు ఉండేది కాదు. అయినా ఆయన చెప్పింది సరైన నియమమే. నేను సర్వీసు అంతా పాటించాను, మీరూ పాటించండి. కాకపోతే ఒక ఫ్లాస్కు కొనుక్కోండి.

రిహార్సలు కూడా ఆయన పద్ధతే. ఎర్రిస్వామిని నిలబెట్టి ఒకటికి పదిసార్లు చెప్పించారు. ఆఫీసరు అడిగేదాకా ఇవ్వకూడదు. అడిగితే ఇవ్వాలి. ఇచ్చి, ఆయన పుచ్చుకోగానే బయటికొచ్చి తలగుడ్డ విప్పి దులపాలి. అది చూసి మేము పరుగున వస్తాం. సాక్షిగా పశువుల ఆసుపత్రి కాంపౌండరు ఓబులేసును ఎర్రిస్వామి బావమరిది వేషంలో ఇంట్లో కూర్చోబెట్టాలి. అన్నీ చెప్పారు. ఒక్కటి చెప్పడం మరిచారు. నాకూ తట్టలేదు. మా జిల్లాలో పుట్టినవాళ్లెవరికీ తట్టదు, ఎందుకంటే అది చెప్పాల్సిన విషయమని ఎవరూ అనుకోరు.

తల వంచుకొని నడిచే పోలీసులు

పద్మనాభం స్థలం చూసే నెపంతో ఫలానా రోజు వస్తానని కబురు పెట్టాడు. ఆఫీసులో ఆయన పైసా ముట్టడు. ఆఫీసు ఆయనకు గుడిలాంటిది.

ఇప్పుడు మాకు వచ్చిన చిక్కు ఏమిటంటే, ఆ పల్లె చుట్టూ నేల అరచేతిలా చదునుగా ఉంటుంది. దాక్కోవడానికి ఒక కంచె లేదు, గుట్ట లేదు. కొత్త మొహాలు కనిపిస్తే ఊరంతా చుట్టూ చేరి ఎవరు ఏమిటని అడుగుతుంది. అదృష్టం ఏమిటంటే దానికి ముందురోజు ఒక వాన పడింది. చీనీ చెట్ల గొంతు తడిపే వాన కాదు, దుమ్మును అణిచే వాన. అయినా వజ్రకరూరు వైపు వాన పడిందంటే చాలు, ఎక్కడెక్కడి మనుషులో వచ్చి తల వంచుకొని చేలల్లో తిరుగుతారు. మన్ను కొట్టుకుపోయి రాళ్లు పైకి తేలతాయని, వాటిలో వజ్రం ఉంటే ఉండొచ్చని ఆశ. వాళ్లను ఎవరూ పలకరించరు. అక్కడ నేలను చూస్తూ నడిచే మనిషి కంటే మామూలు మనిషి ఉండడు.

కాబట్టి మేము పంచెలు ఎగగట్టి, వజ్రాలు వెతికేవాళ్లమై చేలోకి దిగాం. డీఎస్పీ గారు కూడా దిగారు. ఫ్లాస్కు వదల్లేదు, చంకలో సంచిలో పెట్టుకున్నారు. నాకు ఆ ఆలోచన నాదేనని గర్వంగా ఉంది. అయితే ఒక సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు. వజ్రాలు వెతుకుతున్నట్టు నటించడం మనిషికి చేతకాదు. కాసేపటికి నిజంగా వెతకడం మొదలుపెడతాడు. ఎండ నెత్తికెక్కేసరికి మాలో ఎర్రిస్వామి ఇంటి వైపు చూస్తున్నవాడు ఒక్కడూ లేడు. ఖాదర్ అయితే మోకాళ్ల మీద పాకుతున్నాడు. డీఎస్పీ గారు ఒక రాయిని తీసి ఎండకు పెట్టి చూసి, నేను చూస్తున్నానని గమనించి, పారేశారు. కొంచెం దూరం పోయి మళ్లీ వెనక్కి వచ్చి అదే రాయి దగ్గర నిలబడ్డారు.

ఇంట్లో ఏం జరిగిందంటే

ఇంట్లో జరిగింది ఓబులేసు తర్వాత చెప్పాడు. పద్మనాభం మోటారుసైకిలు మీద వచ్చాడు. స్థలం చూశాడు, ఎండిన చెట్లను చూసి నిట్టూర్చాడు, అడిగాడు. ఎర్రిస్వామి ఇచ్చాడు. ఆయన రెండు చేతులతో అందుకొని, కళ్లకు అద్దుకొని, జేబులో పెట్టుకున్నాడు. ఇక ఎర్రిస్వామి బయటికొచ్చి తలగుడ్డ దులపడమే తరువాయి. గడప దాకా వచ్చాడు కూడా.

అప్పుడు వంటింట్లోంచి అతని భార్య సుంకమ్మ అంది: "పొద్దెక్కినాది. తిని పోండి సార్."

ఎర్రిస్వామి గడప మీద ఆగిపోయాడు.

పొద్దున్నే కోడిని కోసిందట. రాగి సంగటి, కోడి పులుసు, వేరుశెనగల ఊరిబిండి పచ్చడి. తన భర్త ఇవాళ ఈ మనిషిని పోలీసులకు పట్టిస్తాడని ఆమెకు తెలుసు. ఆ మనిషి వల్లే తన నడుము విరిగేలా కడవలు మోసిందనీ తెలుసు. అయినా మధ్యాహ్నం వేళకు ఇంటికి వచ్చిన మనిషి అన్నం తినకుండా పోవడమనేది ఆమె బుర్రలో ఎక్కడా లేదు. ఆయన కోసం అంగట్లో కొత్త సబ్బు కూడా తెప్పించి పెట్టింది. పద్మనాభానికీ మొహమాటం లేదు. ఇంట్లో ఫ్యాను లేదు, ఆ ఇంటికి కరెంటు రానివ్వనిది తనే. ఉక్కపోతకు చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. కుడిచేయి చాపితే సుంకమ్మ చెంబుతో నీళ్లు పోసింది. సబ్బును ఆ చేతిలోనే తిప్పి శుభ్రంగా తోముకొని కూర్చున్నాడు. పక్కనే బావమరిదిగారైన ఓబులేసుకూ ముద్ద పడింది. ఆయన దాన్ని తన వాంగ్మూలంలో రాయలేదు, నేనూ అడగలేదు.

ఎర్రిస్వామి మాత్రం గడప మీదే నిలబడి ఉన్నాడు. తర్వాత నేను అతణ్ణి కోపంగా అడిగాను, తలగుడ్డ ఎందుకు దులపలేదని. అతని జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది.

"కంచం ముందర కూచ్చున్న మనిషిని ఎట్ల పట్టిచ్చేది సార్? తిని లేస్తాడు గదా. యాడికి పోతాడు?"

ఆయన నిదానంగా తిన్నాడు. సుంకమ్మ మళ్లీ మళ్లీ వడ్డించింది. లేచి మళ్లీ సబ్బుతో చేయి కడుక్కున్నాడు. అప్పుడు ఎర్రిస్వామి బయటికొచ్చి తలగుడ్డ దులిపాడు. ఎవరూ చూడలేదు. మళ్లీ దులిపాడు. చివరికి పొలం గట్టు దాకా వచ్చి తలగుడ్డను జెండాలా ఊపుతూ, "ఓ వజ్రాలోళ్లూ" అని అరిచాడు. మేము పరుగెత్తాం. ఖాదర్ రాలేదు. వాడికి అప్పుడే ఒక రాయి దొరికింది.

సున్నం తగాదా

మేము లోపలికి పోయేసరికి అక్కడ జగడం జరుగుతోంది. లంచం గురించి కాదు. పద్మనాభం బనియనుతో మంచం మీద కూర్చొని, చేతిలో తమలపాకు పట్టుకొని ఉన్నాడు. సుంకమ్మ కొంగు బిగించి ఆయన ముందు నిలబడి ఉంది. డీఎస్పీ గారు తన పేరు, హోదా గట్టిగా చెప్పారు. సుంకమ్మ ఆయన వైపు తిరిగి, "కొంచెం ఆగు నాయనా" అంది.

ఆమెను పక్కకు తప్పించి మా పని మొదలుపెట్టాం. నోట్లు మేకుకు తగిలించిన చొక్కాలో దొరికాయి. పద్మనాభం చలించలేదు.

"భోజనానికి పిలిస్తే వచ్చానండీ. చొక్కా అక్కడ ఉంది, నేను ఇక్కడ తింటున్నాను. అందులో ఎవరు ఏం పెట్టారో నాకేం తెలుసు?" అన్నాడు మెత్తగా.

డబ్బు ఎవరైనా కుడిచేత్తోనే పుచ్చుకుంటారని, గ్లాసులో సోడా నీళ్లు కలిపి ఆయన కుడిచేతి వేళ్లు ముంచాం. నీళ్లు తెల్లగా ఉన్నాయి. మళ్లీ ముంచాం. తెల్లగానే ఉన్నాయి. రెండుసార్లు కొత్త సబ్బుతో తోమిన చేయి అది, పెళ్లికొడుకు చేయిలా ఉంది. డీఎస్పీ గారు నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను. నా కళ్ల ముందు ఎర్రిస్వామి తెచ్చిన ఎండు కొమ్మ ఒక్కటే ఆడింది. ఈయన ఇప్పుడు చొక్కా వేసుకొని వెళ్లిపోతాడు. ఆ పల్లెకు జన్మలో కరెంటు రాదు.

అప్పుడు సుంకమ్మ మళ్లీ ముందుకొచ్చింది.

"మీ పని అయిపోయిందా? ఇంగ నా న్యాయం చెప్పండి. ఈయప్ప మా సున్నం మంచిది కాదంటాడు. ఎర్రగుండాదంట. నిన్ననే నానబెట్టినా, పాల మాదిరి ఉండాది. సూడండి." సున్నంకాయ తెరిచి డీఎస్పీ గారి ముక్కు కింద పెట్టింది. సున్నం నిజంగానే పాలలా ఉంది. "కాయలో తెల్లగుండేది ఈయప్ప చేతికి పోతానే ఎట్ల ఎర్రగయితాది? మా ఇంట్లో కోడి తిని, మా సున్నానికి వంక పెడతాడా?"

అందరం ఆయన చేతిలోని ఆకు వైపు చూశాం. ఎడం చేతిలో ఉంది. దాని మీద రాసిన సున్నం, ఎడం బొటనవేలికి అంటిన సున్నం, చక్కటి గులాబీ రంగులో ఉన్నాయి. మనలో చాలామందిలాగే ఆయన కూడా అన్నానికి ముందు కుడిచేయి ఒక్కటే కడుక్కున్నాడు. నోట్లు అందుకున్నది మాత్రం రెండు చేతులతో. సోడా ఏ పని చేస్తుందో సున్నమూ ఆ పనే చేస్తుంది. మేము రంగు చూపించడానికి గ్లాసు వెతుక్కుంటుంటే ఆయన రంగు తనే చేసుకొని నోట్లో పెట్టుకోబోతున్నాడు.

ఎడం చేయి సోడా నీళ్లలో పెట్టగానే నీళ్లు గులాబీ పువ్వులా విచ్చుకున్నాయి. డీఎస్పీ గారు సర్వీసులో మొదటిసారి నవ్వారు. ఆ ఉత్సాహంలో, కళ్లకు అద్దుకున్నాడు కాబట్టి కనురెప్పలు కూడా కడుగుదామన్నారు. ఆ నీళ్లను ఏమని రాసుకోవాలో మా కాగితాల్లో లేదని నచ్చజెప్పి ఆపాను. సుంకమ్మకు మాత్రం ఆ పూట ఇదేమీ అర్థం కాలేదు. "అయితే మా సున్నం మంచిదేనా?" అని రెండుమూడుసార్లు అడిగింది. మంచిదేనని డీఎస్పీ గారు ఒప్పుకున్న తర్వాతే శాంతించింది.

బయలుదేరబోతుంటే ఆమె వాకిలికి అడ్డం నిలబడింది. "ఇంత ఎండన పడి వచ్చినారు. కూర ఉండాది. అందరూ తిని పోండి." డీఎస్పీ గారు తల అడ్డంగా ఊపారు. కోడి పులుసు వాసన ఆ ఇల్లంతా ఉంది. ఖాదర్ అప్పుడే వచ్చి, చేతిలో రాయి పట్టుకొని, ఆశగా మా మొహాలు చూస్తున్నాడు. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు లేకుండా ఉన్న మేము పద్మనాభాన్ని జీపెక్కించి, ఆ జీపును ఊరి చివరి దాకా తోశాం. జీపులో కడుపు నిండిన మనిషి ఆయనొక్కడే. ఖాదర్ రాయి వజ్రం కాదని, ఉత్త పలుగురాయని తర్వాత తేలింది.

కోర్టు, ఆ తర్వాత తీగ

కోర్టులో పద్మనాభం తరఫు ప్లీడరు తెలివైనవాడు. కోడి మీదే వాదించాడు. "పగబట్టినవాడికి కోడి కోసి పెడతావా అమ్మా? మీరంతా స్నేహంగా ఉన్నారనేగా అర్థం?" అన్నాడు.

సుంకమ్మ బోనులోంచి అతన్ని ఎగాదిగా చూసింది. "ఆయప్ప మద్యాన్నం పూట వచ్చినాడు. నువ్వు మద్యాన్నం పూట రా. నీకూ పెడతా" అంది. జడ్జి గారు ఏదో కాగితం వెతుకుతున్నట్టు బల్ల కిందికి వంగారు. శిక్ష పడింది.

శిక్ష పడటం సులువు, తీగ రావడమే కష్టమైంది. పద్మనాభం సస్పెండైనా ఆయన ఆఫీసు అక్కడే ఉంది. లంచం పట్టించిన రైతు కాగితం ఆ ఆఫీసులో ఎవరి బల్ల మీదికి పోయినా జారి కింద పడేది. నేను ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. పై ఆఫీసరును కలిశాను. తప్పకుండా అన్నాడు. తప్పకుండా అని అన్న పని జరగడం నేను ఎన్నడూ చూడలేదు.

అప్పుడు ఒక పని చేశాను. సెలవు పెట్టి, ఆ ఆఫీసు వరండాలో బెంచీ మీద పోయి కూర్చున్నాను. ఎవరినీ ఏమీ అడగలేదు. పేపరు చదువుతూ, టీ తాగుతూ, లోపలికి వచ్చీపోయేవాళ్లను ఊరికే చూస్తూ కూర్చున్నాను. నన్ను చూడగానే ఊళ్లవాళ్లు జేబులోంచి చేయి తీసేవారు. లోపలివాళ్లు సొరుగులు మూసుకునేవారు. మర్నాడూ వెళ్లాను. మధ్యాహ్నానికి హెడ్‌గుమాస్తా వచ్చి పక్కన కూర్చున్నాడు.

"సార్, తమరు ఈడ ఎన్ని దినాలు కూచ్చుంటారు?"

"నాకు చానా సెలవులుండాయప్పా" అన్నాను.

ఆయన లేచిపోయాడు. ఆ వారంలోనే ఎర్రిస్వామి గట్టు మీద తీగ లాగారు. నా మీద గౌరవంతో కాదు, న్యాయం మీద ప్రేమతో అసలే కాదు. నేను లేస్తే తప్ప వాళ్ల వ్యాపారం సాగదు, అంతే. చట్టంలో లేని ఈ పద్ధతిని తర్వాత కూడా చాలాసార్లు వాడాను. మీకూ సెలవులు మిగిలి ఉంటే వాడి చూడండి.

కొన్ని చెట్లు చచ్చిపోయాయి. మిగిలినవి చిగురించాయి. మోటారు వేసిన రోజు నేను వెళ్లాను. నీళ్లు కాలువలో పడుతుంటే సుంకమ్మ కడవ పక్కన పెట్టి తడి మన్ను మీద కూర్చుంది. ఆమె మజ్జిగ తెచ్చింది. కేసు అప్పీలులో ఉంది, కాబట్టి తాగలేదు. ఆమె మొహం చిన్నబుచ్చుకుంది.

సినిమాలో లేనిది

సినిమా తీయడానికి వచ్చిన డైరెక్టరు మంచి కుర్రాడు. మద్రాసు నుంచి వచ్చి అనంతపురం లాడ్జిలో దిగి, నేను చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు. సంగటి దగ్గరికి వచ్చేసరికి తల గోక్కున్నాడు.

"బాగుంది సార్. కానీ విలన్ చక్కగా కూర్చొని భోంచేస్తే జనానికి వాడి మీద కోపం ఎలా వస్తుంది? కోపం రావాలంటే రైతు ఇంటర్వెల్‌కు ముందు చచ్చిపోవాలి."

ఎర్రిస్వామికి చెప్పాను. "చంపనీలే సార్, సినిమాలోనే గదా" అన్నాడు ఉదారంగా. అతని తోటలోనే షూటింగు జరిగింది. ఆ జనానికంతటికీ సుంకమ్మే సంగటి చేసి పెట్టింది.

సినిమా వచ్చినప్పుడు వాళ్లిద్దరినీ ఉరవకొండ టాకీసుకు తీసుకెళ్లాను. ఎర్రిస్వామి తన చావు చూసి కళ్లు తుడుచుకున్నాడు. హాలంతా ఈలలు వేసింది. సుంకమ్మ మాత్రం బస్సులో ఇంటి దాకా మొహం కిటికీ వైపే పెట్టుకుంది. భర్తను చంపినందుకు బాధపడుతోందనుకున్నాను. ఇంటికి చేరాక అడిగాను.

"ఆయప్ప వచ్చినాడు, దుడ్లు తీసుకున్నాడు, ఉత్త కడుపుతో పోయినాడు" అంది. "మద్యాన్నం పూట మా ఇంటికి వచ్చిన మనిషిని తినకుండా పంపిచ్చినట్ల సూపిచ్చినారే. ఊరూరా చూస్తాండారు. మా గురించి ఏమనుకుంటారు?"

"నేను సచ్చింది నీకు పట్టల్యా?" అన్నాడు ఎర్రిస్వామి.

"నువ్వు ఈడనే ఉండావు గదా. నీకేమైనాది?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. నా వైపు తిరిగింది.

"నువ్వూ అంతే సార్. ఆ పొద్దు కూర పెట్టుకోని నిలబడితే మొగం తిప్పుకోని పోతివి. మోటారేసిన పొద్దు మజ్జిగ తెస్తే తాగకపోతివి. ఆ దొంగోడు తిన్నాడు. తీగ తెచ్చినోడు తినల్యా. ఇన్నేండ్లూ నాకు అదే కొరత."

ఇంత పెద్ద ఫిర్యాదు నా సర్వీసులో ఎవరూ నా మీద ఇవ్వలేదు. నియమం అని చెప్పబోయాను.

"ఇప్పుడు ఉద్యోగం ల్యాదు గదా. కూచ్చో" అంది.

ఇంట్లో ఫ్యాను తిరుగుతోంది. చొక్కా విప్పే అవసరం రాలేదు. ఆమె చెంబు తెచ్చింది. నేను రెండు చేతులూ చాపాను, రెండూ కడుక్కున్నాను. సంగటి, కోడి పులుసు, ఊరిబిండి, చివర్లో తోటలోని చీనీకాయలు. పద్మనాభం అంతసేపు ఎందుకు తిన్నాడో నాకు అప్పుడు అర్థమైంది.

చేయి కడుక్కొని వచ్చి మంచం మీద కూర్చుంటే తమలపాకులు, సున్నంకాయ ముందుకు జరిపింది. ఆకు తుడిచి, సున్నం రాశాను. నోట్లో పెట్టుకోబోతుంటే ఆమె నా మణికట్టు పట్టుకొని ఆపింది. ఆకును వెలుతురు వైపు తిప్పి, వంగి, జాగ్రత్తగా చూసింది. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో నన్ను ఎవరూ అంత శ్రద్ధగా తనిఖీ చేయలేదు.

"తెల్లగుండాదిలే సార్," అంది చేయి వదిలి. "ఏసుకో."